ఏసీ సర్వీసు షాపు: పని ఆగకుండా సోషల్ మీడియా నడుపుకునే పద్ధతి

మార్చి వచ్చిందంటే ఏసీ మెకానిక్ ఫోనుకి తీరిక ఉండదు. రోహిణి కార్తె నాటికి నిచ్చెన మీద ఉండగానే మూడు మిస్డ్ కాల్స్ పడతాయి. అలాంటి టైములో ఎవరైనా వచ్చి "రోజూ రీల్స్ పెట్టు అన్నా, షాపు ఎక్కడికో వెళ్లిపోతుంది" అంటే విసుగు రాక ఏమొస్తుంది? ఆ సలహా ఇచ్చేవాళ్లకి మన పని తెలియదు. రోజూ రీలు చేయడమంటే అదొక ఉద్యోగం. మనకి ఉన్నదే ఒకటిన్నర ఉద్యోగం.

అలాగని ఆన్‌లైన్లో అసలు కనిపించకపోతే, మన వీధిలో వాళ్లే ఎక్కడో దూరం నుంచి వేరే మనిషిని పిలిపించుకుంటున్నారు. విజయవాడలో ఏసీ సర్వీసు షాపు నడుపుతూ మేం పాటిస్తున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ప్లంబింగ్, వాషింగ్ మెషిన్ రిపేరు, ఇన్వర్టర్ సర్వీసు చేసేవాళ్లకి కూడా చిన్న మార్పులతో ఇది పనికొస్తుంది. ఇందులో అసలు సూత్రం ఒక్కటే: పోస్టు కోసం విడిగా పని చేయకూడదు, చేసే పనిలోంచే పోస్టు రావాలి.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరి కోసం?

పటమటలో ఉన్న షాపుకి వేరే ఊళ్లలో లక్షమంది ఫాలోవర్లు ఉన్నా ఒక్క సర్వీసు కాల్ రాదు. మనకి కావాల్సింది కానూరు, పోరంకి, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఉండే కుటుంబాలు. రాత్రి పదింటికి ఏసీ ఇండోర్ యూనిట్ (గది లోపలి పెట్టె) నుంచి నీళ్లు కారి పరుపు తడిసిన ఇంటావిడ ఏం చేస్తుంది? గూగుల్లో ఏసీ రిపేర్ అని కొడుతుంది. మ్యాప్‌లో కనిపించిన మూడు నాలుగు పేర్లలో రివ్యూలు చూసి ఒకరికి ఫోన్ చేస్తుంది. లేదంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "మంచి ఏసీ మెకానిక్ నంబరు ఎవరి దగ్గరైనా ఉందా అండీ?" అని అడుగుతుంది. ఇన్‌స్టాగ్రామ్ తెరిచి మెకానిక్‌ని వెతికేవాళ్లు తక్కువ.

అందుకే వరస ఇలా పెట్టుకోండి: మొదట గూగుల్ మ్యాప్స్, తర్వాత వాట్సాప్ బిజినెస్, ఆ రెండూ కుదురుకున్నాకే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్. యూట్యూబ్ ఛానల్ ఆలోచన ఈ ఏడాదికి పక్కన పెట్టండి.

మొదటి మెట్టు: గూగుల్ ప్రొఫైల్ సరిగ్గా పెట్టడం

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా ఉచితం. "గూగుల్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగ్ వెరిఫై చేయాలంటే ఇంత కట్టాలి" అని ఫోన్ వస్తే అది మోసమే, పెట్టేయండి.

పేరు దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైల్లో ఉండాలి. పేరు పక్కన "బెస్ట్ ఏసీ రిపేర్ విజయవాడ తక్కువ ధర" అని తగిలిస్తే గూగుల్ నిబంధనల ప్రకారం అది తప్పు, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. మంచి ఎండాకాలంలో ప్రొఫైల్ పోతే తిరిగి తెచ్చుకునేసరికి సీజన్ అయిపోతుంది. మనం ఏ పని చేస్తామో చెప్పడానికి కేటగిరీ అని వేరే చోటు ఉంది. ప్రధాన కేటగిరీగా ఏసీ రిపేర్ సర్వీసు పెట్టి, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కూడా చేస్తుంటే వాటిని అదనపు కేటగిరీల్లో చేర్చండి.

కస్టమర్లు షాపుకి రారు, మనమే ఇళ్లకి వెళ్తాం అనుకుంటే అడ్రస్ కనిపించకుండా దాచి, తిరిగే ఏరియాలు మాత్రం ఇవ్వవచ్చు. 20 ఏరియాల వరకు ఇవ్వనిస్తుంది. కానీ నిజంగా వెళ్లగలిగినవే రాయండి. గుంటూరు, మచిలీపట్నం కూడా కలిపేసి, ఫోన్ వచ్చాక "అంత దూరం రామండీ" అంటే ఆ మనిషి ఇక మళ్లీ చేయడు.

వెరిఫికేషన్‌కి గూగుల్ చాలాసార్లు వీడియో అడుగుతోంది. మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీయాలి: వీధి, పక్క షాపుల బోర్డులు, మన బోర్డు, మన చేత్తోనే తాళం తీసి షట్టర్ ఎత్తడం, లోపల గ్యాస్ సిలిండర్లు, వాక్యూమ్ పంపు, జెట్ పంపు (నీళ్లు జోరుగా కొట్టి కడిగేది), బిల్లు బుక్కు. షాపు లేకపోతే బండి, పనిముట్లు, పేరున్న విజిటింగ్ కార్డు చూపించాలి. పొద్దున్నే రోడ్డు మీద రద్దీ లేనప్పుడు తీస్తే ఒకసారితో అయిపోతుంది.

ఫోటోల్లో ఏసీ కంపెనీ వెబ్‌సైట్ బొమ్మలు వద్దు. మీ కుర్రాళ్లు యూనిఫామ్‌లో ఉన్నది, మీ బండి, మీరు విప్పిన ఇండోర్, శుభ్రం చేశాక అదే ఇండోర్. ఇంట్లోకి రానివ్వబోయే మనిషి ఎలా ఉంటాడో తెలిస్తే, ముఖ్యంగా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ధైర్యంగా ఉంటుంది. పని వేళలు కూడా నిజమైనవే రాయండి, పండగ సెలవులు ముందే మార్చండి. "24 గంటలు" అని పెట్టి రాత్రి ఫోన్ ఎత్తకపోతే, ఆ కోపం రివ్యూలో తేలుతుంది.

రెండో మెట్టు: వాట్సాప్‌కి సగం పని అప్పజెప్పడం

మామూలు వాట్సాప్ బదులు వాట్సాప్ బిజినెస్ వేసుకోండి. అదే నంబరుతో మారితే పాత చాట్లు కూడా వస్తాయి. ఒకే నంబరు రెండు యాప్స్‌లో ఉండదు కాబట్టి, వీలైతే షాపుకి విడిగా ఒక సిమ్ తీసుకోవడం మంచిది. బంధువుల ఫంక్షన్ ఫోటోల మధ్య కస్టమర్ మెసేజ్ కిందికి జారిపోదు. ఇంట్లో వాళ్లు కూడా లింక్డ్ డివైస్ ద్వారా చూసి జవాబు ఇవ్వవచ్చు. మా దగ్గర మధ్యాహ్నం మెసేజ్‌లు చూసేది వదినే.

ఇందులో గ్రీటింగ్ మెసేజ్ అని ఉంటుంది. కొత్తవాళ్లు "హాయ్" అని పెట్టగానే అది తనంతట తానే వెళ్తుంది. "మీ సందేశానికి ధన్యవాదాలు" అనే పడికట్టు మాట వల్ల ఉపయోగం లేదు. ఇలా రాసి చూడండి:

"నమస్తే అండీ. ఏసీ సర్వీసు కోసం ఈ నాలుగు పంపండి: మీ ఏరియా, ఏసీ కంపెనీ పేరు (స్ప్లిట్టా, విండోనా), సమస్య ఏంటి, డిస్‌ప్లే మీద ఏదైనా కోడ్ కనిపిస్తే దాని ఫోటో. మేం పనిలో ఉంటే సాయంత్రం 7లోపు తప్పకుండా జవాబిస్తాం."

నిచ్చెన దిగేసరికి నాలుగు వివరాలూ వచ్చి ఉంటాయి. ఏ స్పేర్ పార్టు పట్టుకెళ్లాలో ముందే ఒక అంచనా దొరుకుతుంది. కూలింగ్ రావట్లేదు, ఔట్‌డోర్ యూనిట్ (బయటి పెట్టె) ఫ్యాన్ కూడా తిరగట్లేదు అంటే కెపాసిటర్ (మోటారు తిరగడానికి సాయపడే చిన్న పార్టు) జేబులో వేసుకునే బయల్దేరవచ్చు. ఒక ట్రిప్పు మిగులుతుంది.

క్విక్ రిప్లైలు కూడా అంతే. రోజుకి పది మంది అడిగే ప్రశ్నలు నాలుగైదే ఉంటాయి: విజిటింగ్ ఛార్జి ఎంత, జనరల్ సర్వీసుకీ జెట్ సర్వీసుకీ తేడా ఏంటి, ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) ఉందా, ఈరోజే వస్తారా. ఒక్కోదానికి ఒకసారి శ్రద్ధగా జవాబు రాసి దాచుకుంటే, స్లాష్ గుర్తు కొట్టగానే ఎదురుగా వస్తాయి. విజిటింగ్ ఛార్జి దాచకండి. రేటు ముందే తెలిస్తే బేరమాడేవాళ్లు అక్కడే ఆగుతారు, వచ్చేవాళ్లు గొడవ పెట్టుకోరు.

లేబుల్స్‌తో "ఈరోజు వెళ్లాలి", "పార్టు రావాలి", "డబ్బు రావాలి" అని చాట్లని విడదీసుకోండి. రాత్రి ఆ మూడూ చూసుకుంటే మరుసటి రోజు పని తేలిపోతుంది.

బ్రాడ్‌కాస్ట్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఒక్కో లిస్టులో 256 మంది వరకు పెట్టవచ్చు, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. పని అయ్యాక "నంబరు సేవ్ చేసుకోండి అమ్మా, వచ్చే సర్వీసు టైముకి గుర్తు చేస్తాను" అని చెప్పి ఒప్పుకున్నవాళ్లనే చేర్చండి. పండగకో గుడ్ మార్నింగ్ బొమ్మ, వారానికో ఆఫర్ పంపితే బ్లాక్ చేస్తారు. ఏడాదికి రెండు మూడు మెసేజ్‌లు చాలు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, సర్వీసు గుర్తు చేయడానికి సరైన ముహూర్తం అదే. ఎండలు ముదరకముందే పనులు సర్దుకుంటాయి, మన మీద మే నెల ఒత్తిడీ తగ్గుతుంది.

మూడో మెట్టు: పనిలోనే ఫోటో

ప్రతి ఇంట్లో రెండు ఫోటోలు: విప్పగానే ఒకటి, మూసే ముందు ఒకటి. ఒకే చోట నిలబడి, ఒకే కోణంలో తీయాలి, అప్పుడే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఈ అలవాటు హెల్పర్‌కి నేర్పండి. మీ చేతులకి మురికి అంటుకుని ఉంటుంది, అతనివి ఖాళీగా ఉంటాయి. సాయంత్రం షాపు వాట్సాప్ గ్రూపులో అన్నీ వేయించండి. వారం తిరిగేసరికి పోస్టులకి సరిపడా సరుకు పోగవుతుంది.

ఇవి కంప్లయింట్ వచ్చినప్పుడు సాక్ష్యంగానూ ఉంటాయి. "మీరొచ్చాకే ఈ గీత పడింది" అని ఎవరైనా అంటే మొదటి ఫోటో తీసి చూపించవచ్చు.

ఫోటో తీసే ముందు ఇంటివాళ్లని అడగాలి. "మిషన్ వరకే తీస్తాం అమ్మా, ఇల్లు పడదు" అంటే దాదాపు అందరూ సరే అంటారు. ఫ్రేములో గోడ మీద పెళ్లి ఫోటో, మంచం మీద పిల్లలు, బీరువా, కంప్లయింట్ స్లిప్ మీద ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు పడకుండా చూసుకోండి. వద్దన్నవాళ్ల ఇంట్లో తీయవద్దు. అనుమతి లేకుండా ఒకరి పడకగది ఇంటర్నెట్‌లో పెడితే పోయే నమ్మకాన్ని ఏ రీలూ తిరిగి తేలేదు.

నాలుగో మెట్టు: ఏం చెప్పాలి?

కస్టమర్లు ఇంట్లో నిలబడి అడిగే ప్రశ్నలే మన పోస్టులు. వాటిలో అన్నిటికంటే విలువైనది ఇది: "ఏటా గ్యాస్ పట్టించాలా?"

అక్కర్లేదు. ఏసీలో గ్యాస్ మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టుకుని అతికించి, వాక్యూమ్ చేసి (పైపుల్లో గాలి, తేమ లాగేసి), ఔట్‌డోర్ స్టిక్కర్ మీద రాసి ఉన్నన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించాలి. లీకు చూడకుండా ఏటా గ్యాస్ కొట్టి డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు, జనానికి ఆ అనుమానం మనసులో ఉంది. ఈ మాట మీరే ముందుకొచ్చి చెప్పి, ఆ స్టిక్కర్ మీద గ్యాస్ రకం ఆర్-32 అనో ఆర్-410ఏ అనో, ఎన్ని గ్రాములో ఎక్కడ రాసి ఉంటుందో వేలు పెట్టి చూపించండి. "నిజం చెప్పే మెకానిక్" అన్న పేరు వస్తుంది. గ్యాస్ మీద వచ్చే నాలుగు డబ్బులు పోతాయేమో అని వెనకాడవద్దు. ఇలా నమ్మినవాళ్లు ఇంట్లో ఉన్న మూడు ఏసీల సర్వీసూ మీకే ఇస్తారు, వియ్యపురాలికీ మీ నంబరే ఇస్తారు.

ఇలాంటివే ఇంకొన్ని. ఫిల్టర్ ఇంట్లోనే కడుక్కోవడం ఎలా, ఎన్నాళ్లకోసారి. 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందా? (చాలా ఇళ్లలో ఈ నమ్మకం ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ (స్టార్ లేబుల్స్ చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెబుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలన్న నియమమూ ఉంది.) బాల్కనీలో ఔట్‌డోర్ ముందు బట్టలు ఆరేస్తే ఏమవుతుంది. స్టెబిలైజర్ కావాలా, వద్దా.

ఒక రీలు ఎలా తీయాలో షాటు షాటుగా చెబుతాను. సమస్య: ఇండోర్ నుంచి నీళ్లు కారడం. ఫోను నిలువుగా పట్టుకోండి. మొదటి షాటు, యూనిట్ అంచు నుంచి చుక్కలు పడటం, మూడు సెకన్లు. రెండోది, ప్యానెల్ ఎత్తి ఫిల్టర్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకోవడం. దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్‌లోంచి వెలుతురు రాదు, ఆ ఒక్క దృశ్యం చాలు. మూడోది, డ్రెయిన్ పైపులో గాలి కొట్టినప్పుడు నాచులాంటి జిగట బయటపడటం. నాలుగోది, ట్రేలో మగ్గుతో నీళ్లు పోస్తే బయట పైపు చివర నుంచి ధారగా రావడం. వెనక మీ గొంతు, మీ యాసలో: "ఏసీ నుంచి నీళ్లు కారుతుంటే ముందు డ్రెయిన్ పైపు చూడాలండీ. ఇదిగో, ఇలా మూసుకుపోతుంది. అప్పటిదాకా ఏసీ ఆపి కింద బకెట్ పెట్టుకోండి." అర నిమిషం దాటక్కర్లేదు. చాలామంది శబ్దం తీసేసి చూస్తారు కాబట్టి స్క్రీన్ మీద తెలుగులో ఒక్క లైను రాయండి. లొకేషన్ ట్యాగ్‌లో విజయవాడ పెట్టడం మర్చిపోవద్దు.

సినిమా పాట తగిలించకండి. ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ ఖాతాలకి చాలా పాటలు అసలు చూపించదు, వేరే దారిలో కలిపి పెడితే కాపీరైట్ కింద శబ్దం తీసేయవచ్చు. మన పనిలో జెట్ పంపు శబ్దమే బాగుంటుంది.

ఊరికి కష్టం వచ్చినప్పుడు పెట్టే పోస్టు వేరే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగాయి. అలాంటప్పుడు నీళ్లు తగ్గగానే స్విచ్ వేసి చూడాలనిపించడం సహజం. నీట మునిగిన ఔట్‌డోర్‌కి, ఫ్రిజ్‌కి, మోటారుకి పూర్తిగా ఆరి, పరీక్ష చేయించేదాకా కరెంటు ఇవ్వకూడదు. ఆ ఒక్క మాట పెద్ద అక్షరాలతో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి, కింద ఆఫర్ ఏమీ రాయవద్దు. ఒక ప్రాణం కాపాడే సమాచారం పక్కన రేటు కార్డు ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఐదో మెట్టు: టైము

పొద్దున షాపు తీశాక, మొదటి కాల్‌కి బయల్దేరే ముందు పది నిమిషాలు: రాత్రి వచ్చిన మెసేజ్‌లకి జవాబులు. రాత్రి పది నిమిషాలు: రివ్యూలకి జవాబులు, ఆ రోజు ఫోటోల్లో మంచిది ఒకటి వాట్సాప్ స్టేటస్‌లో. పని రోజుల్లో మధ్యాహ్నం సోషల్ మీడియా తెరవకూడదు. రీల్స్ చూడటం మొదలుపెడితే అరగంట ఎటుపోయిందో తెలియదు, అవతల కస్టమర్ ఎదురుచూస్తుంటాడు.

పోస్టులన్నీ ఆదివారం మధ్యాహ్నం ఒక గంటలో అయిపోవాలి. మెటా బిజినెస్ సూట్ అనే ఉచిత యాప్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు రెండూ ముందే పెట్టి, ఏ రోజు ఏ టైముకి రావాలో చెప్పేయవచ్చు. వారానికి రెండు పోస్టులు చాలు: ఒకటి ముందు-తర్వాత ఫోటో, ఒకటి ప్రశ్న-జవాబు. మే నెలలో అది కూడా కుదరకపోతే స్టేటస్ ఒక్కటే నడపండి. టెన్షన్ పడి అర్ధరాత్రి రీలు ఎడిట్ చేస్తూ కూర్చుంటే మర్నాడు నిచ్చెన మీద కళ్లు తిరుగుతాయి.

ఆరో మెట్టు: రివ్యూలు

అడగాల్సిన సమయం ఒకటే ఉంది. పని అయ్యి, గది చల్లబడి, ఇంటివాళ్లు "అమ్మయ్య" అన్న క్షణం. ఆ సాయంత్రానికి మర్చిపోతారు. గూగుల్ ప్రొఫైల్‌లో రివ్యూ కోసం లింకు, క్యూఆర్ కోడ్ రెండూ దొరుకుతాయి. కోడ్ ప్రింటు తీసి బిల్లు బుక్కు అట్టకి అంటించండి. "ఏం పని చేశామో, ఏ ఏరియానో రెండు మాటలు తెలుగులోనే రాయండి సార్" అని చెప్పండి. "గుడ్ సర్వీస్" కంటే "భవానీపురంలో మా ఇంట్లో నీళ్లు కారే సమస్య ఒక్కరోజులో సరిచేశారు" అన్నది చదివినవాళ్లకి పది రెట్లు పనికొస్తుంది.

రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం, సంతోషంగా ఉన్నవాళ్లకే లింకు పంపడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం. బంధువులతో ఒకేరోజు రివ్యూలు రాయించడం కూడా వద్దు, అవి తొలగిపోతాయి.

చెడ్డ రివ్యూ వస్తే కడుపు మండుతుంది. ఆ మంటలో జవాబు రాయవద్దు, రాత్రి భోజనం అయ్యాక రాయండి. "రెండు రోజుల్లో మళ్లీ నీళ్లు కారాయి, ఫోన్ ఎత్తట్లేదు, డబ్బులు దండగ" అని ఎవరైనా రాస్తే ఇలా:

"నమస్తే అండీ. సర్వీసు చేశాక మళ్లీ నీళ్లు కారితే సరిచేయడం మా బాధ్యతే. ఫోన్ ఎత్తనందుకు క్షమించండి. రేపు ఉదయం మా టెక్నీషియన్ వచ్చి డ్రెయిన్ పైపు వాలు, ట్రే రెండూ చూస్తారు, దీనికి ఛార్జి లేదు. షాపు నంబరుకి ఒక మెసేజ్ పెట్టండి, టైము చెబుతాం."

ఈ జవాబు ఆ ఒక్కరి కోసం రాసేది కాదు, రేపు మనల్ని పిలవాలా వద్దా అని చూస్తున్నవాళ్లు చదువుతారు. కస్టమర్ పేరు, ఇల్లు, బాకీ సంగతి జవాబులో ఎత్తకండి. అసలు మన కస్టమరే కాని మనిషి రాస్తే గూగుల్‌కి రిపోర్టు చేసి, "మా రికార్డుల్లో ఈ వివరాలు దొరకలేదు, దయచేసి ఫోన్ చేయండి" అని మర్యాదగా రాసి వదిలేయండి.

ఏడో మెట్టు: ప్రకటనలు, తాళాలు

పై మెట్లన్నీ కుదిరేదాకా డబ్బు పెట్టి ప్రకటనలు ఇవ్వకండి. ఇచ్చినా మార్చి-ఏప్రిల్‌లోనే ఇవ్వండి. మేలో వచ్చే కాల్స్‌కే మనుషులు చాలరు, డబ్బిచ్చి కొత్త కాల్స్ తెప్పించుకుని వెళ్లలేకపోతే చెడ్డపేరే మిగులుతుంది. వాట్సాప్‌కి నేరుగా వచ్చేలా ఉండే ప్రకటన ఎంచుకుని, మీ ఏరియాల వరకే చూపించండి. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ అదనమని లెక్కలో ఉంచుకోండి.

గూగుల్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడింటికీ టూ-స్టెప్ వెరిఫికేషన్ ఈరోజే పెట్టండి. పేజీ మేనేజ్ చేస్తామని వచ్చిన కుర్రాడికి మీ పాస్‌వర్డ్ ఇవ్వకుండా, అతని ఖాతాకి మేనేజర్ హక్కు ఇవ్వండి. మానేసిన రోజు ఆ హక్కు తీసేస్తే సరిపోతుంది. "మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో తొలగిస్తాం" అని మెసెంజర్‌లో వచ్చే లింకులు నొక్కవద్దు. "అడ్వాన్సు పంపుతున్నాను, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అనే ఆర్డరు కూడా మోసమే. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అవసరమే ఉండదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఎనిమిదో మెట్టు: పనిచేస్తోందో లేదో చూసుకోవడం

లైకులు లెక్కపెట్టకండి. కాల్స్ రాసుకునే పుస్తకంలో ఒక గడి అదనంగా గీసి, ప్రతి కొత్త కస్టమర్‌ని "మా గురించి ఎలా తెలిసింది అండీ?" అని అడిగి రాయండి: మ్యాప్, వాట్సాప్ గ్రూపు, రీలు, పాత కస్టమర్, బోర్డు. దీనికి తోడు గూగుల్ ప్రొఫైల్‌లో ఏ మాటలతో వెతికి మనల్ని చూశారో కనిపిస్తుంది. నెలాఖరున రెండూ పక్కపక్కన పెట్టండి. మ్యాప్ నుంచి ఎక్కువ వస్తుంటే ఇన్‌స్టాగ్రామ్ మీద పెట్టే టైము తగ్గించి రివ్యూలు అడగడం మీద పెట్టండి. ఒక ఏరియా నుంచి అసలు కాల్స్ రాకపోతే, అక్కడున్న పాత కస్టమర్ ఒకరిని వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో మన నంబరు పెట్టమని అడగండి. పని బాగా చేసి ఉంటే కాదనరు.

జూలై దాటి వానలు పట్టాక కాల్స్ తగ్గుతాయి. ఎండాకాలం ఫోటోలన్నీ అప్పుడు ముందేసుకుని సమస్యల వారీగా ఫోల్డర్లు చేయండి: నీళ్లు కారడం, కూలింగ్ రాకపోవడం, చప్పుడు, ఎలుకలు కొరికిన వైర్లు. ఒక్కో ఫోల్డర్ నుంచి రెండు మూడు పోస్టులు రాసి డ్రాఫ్టులో ఉంచుకోండి. గ్రీటింగ్ మెసేజ్‌లో, క్విక్ రిప్లైల్లో పాత రేట్లు మార్చండి. నంబరు మారిన కస్టమర్లని లిస్టులోంచి తీసేయండి. సీజన్‌లో పనిచేసి మానేసిన కుర్రాళ్లకి పేజీల మీద ఇంకా హక్కులు ఉన్నాయేమో చూసి తొలగించండి. వచ్చే శివరాత్రికి పంపాల్సిన మెసేజ్ కూడా అప్పుడే రాసి పెట్టుకుంటే, ఆ రోజు పంపడం ఒక్కటే మిగులుతుంది.